5600జీతో ఆడేవారికి ర్యామ్ వేగం ఎంత ముఖ్యం?

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌తో, 2666 వేగం గల 8 జీబీ ర్యామ్ స్టిక్కు ఒక్కదానితో ఆడుతున్నామని, దాని స్థానంలో 3600 వేగం గల 16 జీబీ స్టిక్కు ఒకటి కొంటే ఆటలో ఫ్రేములు (సెకనుకు తెరపై మారే బొమ్మలు) పెరుగుతాయా అని అడిగారు. నేను ఇదే ప్రాసెసర్ వాడుతున్నాను, మొదట్లో నాదీ ఒక్క స్టిక్కే. నా సలహా ఏమిటంటే, ఆ ఒక్క స్టిక్కు కొనకండి. 3200 వేగం గల 8 జీబీ స్టిక్కులు రెండు కలిసి వచ్చే కిట్ తీసుకోండి.

గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. జీడీడీఆర్5 అనే రకం మెమరీతో వచ్చిన జీటీఎక్స్ 1650 వంటి చిన్న కార్డు కూడా తన మెమరీతో సెకనుకు 128 జీబీ డేటాను ఇచ్చిపుచ్చుకోగలదు. 5600జీలోని గ్రాఫిక్స్‌కు ఆ వసతి లేదు కనుక, ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌నే అదీ పంచుకోవాలి. చానెల్ అంటే ర్యామ్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా నడిచే దారి. ఒక్కో చానెల్‌లో ఒక్కో విడతకు 8 బైట్లు కదులుతాయి, 2666 వంటి వేగం అంకె సెకనుకు ఎన్ని మిలియన్ల విడతలో చెబుతుంది. ఆ లెక్కన మీ స్టిక్కు సెకనుకు దాదాపు 21.3 జీబీ ఇస్తుంది, 3600 స్టిక్కు ఒక్కటే అయితే 28.8 జీబీ ఇస్తుంది, 3200 స్టిక్కులు రెండు రెండు చానెళ్లలో పనిచేస్తే 51.2 జీబీ ఇస్తాయి. నేను రెండో స్టిక్కు పెట్టిన రోజునే, అంతకుముందు తక్కువ సెట్టింగుల్లోనూ తడబడిన ఆటలు హాయిగా నడిచాయి.

అయితే నేను చాలా నెలలు నష్టపోయిన విషయం ఇంకొకటి ఉంది. కంప్యూటర్ అమర్చి ఇచ్చిన దుకాణంలో బయోస్‌లోని (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లోని) ఎక్స్ఎంపీని, అంటే ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపించే సెట్టింగును ఆన్ చేయలేదు. దానివల్ల 3200కు డబ్బు కట్టిన ర్యామ్ 2400 వద్దే నడిచింది, ఒకరోజు టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచేదాకా నాకు ఆ సంగతి తెలియదు. మీరు కూడా అక్కడే చూడండి. కంప్యూటర్ భాగాల వివరాలు చూపే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో 1600 అని కనిపిస్తే కంగారు పడవద్దు, డీడీఆర్ మెమరీలో గడియారపు ఒక్కో చక్రానికి డేటా రెండుసార్లు కదులుతుంది కనుక అది 3200తో సమానమే.

3200, 3600ల మధ్య ఎంచుకునేటప్పుడు సీఎల్ అంకెను కూడా గమనించాలి, అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ ఎన్ని గడియారపు చక్రాలు ఆలస్యం చేస్తుందో అది చెబుతుంది. 3200 సీఎల్16, 3600 సీఎల్18 రెండింటిలోనూ ఆ ఆలస్యం 10 నానోసెకన్లే. 3200 సీఎల్22 అయితే 13.75 నానోసెకన్లు.

రేపు మంచి గ్రాఫిక్స్ కార్డు కొంటే ఈ లెక్క మారుతుంది. ఎక్కువ రిజల్యూషన్‌లో, భారీ సెట్టింగులతో ఆడేటప్పుడు పనిభారమంతా కార్డు మీదే పడుతుంది కాబట్టి ర్యామ్ వేగం తేడా దాదాపు కనిపించదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఆటలు తక్కువ సెట్టింగుల్లో ఆడితే మాత్రం ప్రాసెసర్ డేటా కోసం ఎదురుచూస్తుంది, అప్పుడు వేగవంతమైన ర్యామ్ వల్ల సగటు కంటే ముఖ్యంగా హఠాత్తుగా పడిపోయే ఫ్రేముల విషయంలో మేలు జరుగుతుంది.

నాలుగు స్లాట్ల బోర్డు అయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో స్టిక్కులు పెట్టాలి. పాత 2666 స్టిక్కును వాటితో కలపకండి, కలిపితే కొత్తవి కూడా దాని వేగానికే దిగిపోతాయి.