గుర్తింపు పొందిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రానికీ మామూలు డ్రైవింగ్ స్కూలుకూ తేడా ఏమిటి?

లారీ నేర్చుకోబోయే వారు ఈ తేడా ముందే తెలుసుకోవాలి. వీధి చివర ఉండే డ్రైవింగ్ స్కూలుకు కూడా రవాణా శాఖ లైసెన్సు ఉంటుంది. కానీ అక్కడ నేర్చుకున్నాక ఆర్టీఓ దగ్గర డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాల్సిందే. 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ నిబంధనల కింద గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రం వేరు. అక్కడ కోర్సు పూర్తిచేసి, పరీక్షలో నెగ్గితే ఫారం 5బి అనే ధ్రువపత్రం ఇస్తారు. అది ఉంటే ఆర్టీఓ దగ్గర మళ్లీ బండి నడిపి చూపనవసరం లేదు.

అంత నమ్మకం ఉంచుతున్నారు కాబట్టే షరతులూ గట్టివి. భారీ వాహనాలు నేర్పాలంటే మైదాన ప్రాంతంలో కనీసం 2 ఎకరాల స్థలం, తరగతి గదులు, సిమ్యులేటర్ (రోడ్డెక్కకుండానే తెర ముందు బండి నడపడం నేర్పే యంత్రం), పరీక్షకు ప్రత్యేక ట్రాక్ ఉండాలి. శిక్షకుడు ఇంటర్ చదివి, 5 ఏళ్ల డ్రైవింగ్ అనుభవం ఉన్నవాడై ఉండాలి. గుర్తింపు 5 ఏళ్లే, తర్వాత పునరుద్ధరించుకోవాలి. కారు కోర్సు 29 గంటలు, నాలుగు వారాల లోపు. భారీ వాహనానిది 38 గంటలు, ఆరు వారాలు.

నా దృష్టిలో అసలు విలువ ఆ గంటలదే. ఆర్టీఓ దగ్గర పరీక్ష ఉండదని సంతోషించి తరగతులు ఎగ్గొట్టకండి. నిండు లోడుతో ఘాట్ దిగేటప్పుడు ఫారం కాపాడదు. చేరేముందు గుర్తింపు పత్రం చూపమని అడగండి. అందులో ఏ తరగతి వాహనానికి అనుమతి ఉందో, గడువు ఎప్పటి వరకో చదవండి.