పంచదార పళ్లెం పక్కన పెట్టి చీపురుపుల్లలు తీసుకోండి

మేడమ్, హిగ్స్ క్షేత్రం (విశ్వమంతా పరుచుకుని, ఎలక్ట్రాన్ లాంటి మూలకణాలకు ద్రవ్యరాశినిచ్చేది) గురించి చెప్పడానికి పంచదార పళ్లెంలో బంతి దొర్లిస్తే పిల్లలు "అయితే ద్రవ్యరాశి అంటే ఘర్షణేనా?" అన్నారని రాశారు. చాలా మంచి ప్రశ్న అడిగారు. తప్పు నమూనాదే. పంచదార బంతిని ఆపేస్తుంది. సమవేగంతో పోయే ఎలక్ట్రాన్‌ని హిగ్స్ క్షేత్రం ఆపదు.

నేను క్లాసులో చేసేది ఇది. రెండు కుర్చీల మధ్య సెల్లోటేపు బిగించి, 2 అంగుళాలకొకటి చొప్పున 30 కొబ్బరి చీపురుపుల్లల్ని నడిమికి అడ్డంగా అతికించి, పైన ఇంకో టేపు వేయండి. ప్రతి పుల్లకీ రెండు కొసలా సమానమైన క్లే ఉండలు. మొదటి పుల్లని ఎంత మెల్లగా ఊపినా కదలిక అవతలి కొస దాకా పోతుంది. అది ద్రవ్యరాశి లేని కాంతి కణం, ఫోటాన్ లాంటిది.

ఇప్పుడు ఒకవైపు ఉండలన్నీ తీసేయండి. పుల్లలు కిందికి వేలాడతాయి. మెల్లగా ఊపితే పక్కనున్న కొన్ని మాత్రమే కదులుతాయి, ఆ తర్వాతవి కదలవు. ఒక హద్దు దాటి వేగంగా ఊపితేనే అల ముందుకు సాగుతుంది. క్వాంటం లెక్కలో పౌనఃపున్యం (సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో) అంటే శక్తి కదా, అల సాగడానికి కావలసిన ఆ కనీస శక్తే ద్రవ్యరాశి. పుల్లని కిందికి లాగే గురుత్వం ఇక్కడ హిగ్స్ క్షేత్రానికి బదులు మాత్రమేనని తప్పక చెప్పండి, లేకపోతే రెండూ ఒకటే అనుకుంటారు.

అన్నట్టు, ప్రోటాన్ ద్రవ్యరాశిలో హిగ్స్ వాటా సుమారు 1 శాతమే. మిగతాదంతా ప్రోటాన్ లోపలుండే చిన్న కణాలైన క్వార్కుల, వాటిని కలిపి పట్టి ఉంచే గ్లుయాన్ల శక్తి.