అమ్మాయి ఆర్‌ఏ అయితే మిగిలేది 11 లక్షలా, రెండున్నర లక్షలా?

ప్రశ్న: మాకు తెనాలిలో ఎరువుల దుకాణం ఉంది. మా అమ్మాయి అమెరికాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సులో బ్యాచిలర్ డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. ఇల్లు తనఖా పెట్టి 75 లక్షల విద్యా రుణం మంజూరు చేయించుకున్నాం. ఇప్పటికి 20 లక్షలు వాడాం. ఆగస్టు నుంచి హాస్టల్‌లో తోటి విద్యార్థుల బాగోగులు చూసే రెసిడెంట్ అసిస్టెంట్ (ఆర్‌ఏ)గా ఉండే అవకాశం అమ్మాయికి వచ్చింది. 8,400 డాలర్ల గది అద్దె పూర్తిగా, 5,000 డాలర్ల భోజన ఖర్చులో సగం మాఫీ చేసి, ఏడాదికి 1,500 డాలర్ల భత్యం ఇస్తారట. ఒప్పుకోకపోతే స్నేహితురాళ్లతో బయట ఫ్లాట్‌లో ఉంటానంటోంది. తన వాటా నెలకు 550 డాలర్లు. ప్రస్తుతం లైబ్రరీలో వారానికి 12 గంటలు, గంటకు 14 డాలర్ల చొప్పున పని చేస్తోంది. ఆర్‌ఏ అయితే మాకు ఏటా 11 లక్షలు మిగులుతాయని లెక్క వేసుకుని, అమరావతి వైపు ఒక ప్లాటుకు 50 వేలు బయానా ఇచ్చాం. ఎఫ్‌డీలో ఉన్న 6 లక్షలకు, తెలిసినవారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు మీద తెచ్చే 10 లక్షలు కలిపి కొందామనుకుంటున్నాం. నోటు అప్పు ఏడాదిలో తీరిపోతుంది కదా? అమ్మాయి పది రోజుల్లో సంతకం చేయాలి. విశ్వవిద్యాలయం ఆరోగ్య బీమా మానేసి ఇక్కడి ప్రయాణ బీమా తీసుకోవచ్చా?

జవాబు: అమ్మాయికి ఇష్టమైతే ఆర్‌ఏ పనికి ఒప్పుకోమనండి. ప్రోనోటు మీద మాత్రం సంతకం చేయకండి. ఈ రెండు నిర్ణయాలకూ సంబంధం లేకపోయినా మీరు ఒకదానికొకటి ముడిపెట్టారు. పిల్లలను విదేశాల్లో చదివిస్తున్న తల్లిదండ్రులు చాలామంది ఇదే పొరపాటు చేయడం చూస్తున్నాను: ఖర్చు తగ్గబోతోందన్న మాట చెవిన పడగానే, ఆ తగ్గుదల ఇంకా చేతికి రాకముందే, దాన్ని ఆదాయంగా భావించి దాని మీద ఒక అప్పు ఎక్కిస్తున్నారు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం అదే.

ముందు మీ 11 లక్షల సంగతి చూద్దాం. అద్దె 8,400, భోజనంలో సగం 2,500, భత్యం 1,500 కలిపితే 12,400 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున 11 లక్షల 16 వేలు. కూడిక సరిగానే ఉంది కానీ పోల్చవలసినదానితో పోల్చలేదు. ఆర్‌ఏ కాకపోతే అమ్మాయి వచ్చే ఏడాది హాస్టల్‌లో ఉండదు, బయట ఫ్లాట్‌లో ఉంటుందని మీరే రాశారు. వేసవిలో ఇంటికి వచ్చినా సాధారణంగా లీజు 12 నెలలకు ఉంటుంది కనుక అద్దె వాటా 6,600 డాలర్లు. సొంతంగా వండుకుంటే నెలకు 250 డాలర్ల చొప్పున తొమ్మిది నెలలకు సరుకులు 2,250. మొత్తం 8,850. అప్పుడు లైబ్రరీ పని కొనసాగుతుంది కాబట్టి 30 వారాలకు 5,040 డాలర్లు సంపాదిస్తుంది. నికరంగా మీకు పడే ఖర్చు 3,810 డాలర్లు. ఆర్‌ఏ అయితే సగం భోజన ఖర్చు 2,500లో భత్యం 1,500 పోగా 1,000 డాలర్లు పడుతుంది, లైబ్రరీ సంపాదన ఉండదు. రెంటికీ తేడా 2,810 డాలర్లు. మన డబ్బులో రెండున్నర లక్షల పైచిలుకు.

లైబ్రరీ సంపాదన ఎందుకు పోతుందని మీరు అడగవచ్చు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, ఆర్‌ఏ పని కూడా ఆ 20 గంటల్లోకే వస్తుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు దాన్ని పూర్తిగా 20 గంటలుగానే లెక్కిస్తాయి. అమ్మాయి చదివేచోట 12 గంటలుగా లెక్కిస్తే లైబ్రరీలో మరో 8 గంటలు చేసుకోవచ్చు, అప్పుడు మీకు ఇంకో మూడు లక్షల వరకు కలిసివస్తుంది. ఈ సంగతి సంతకానికి ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. హద్దు దాటితే ముప్పు వచ్చేది వీసాకు కనుక, స్నేహితుల మాట మీద లెక్క వేసుకోవద్దని చెప్పండి.

ఇప్పుడు నోటు సంగతి. 10 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. అమ్మాయి ఏడాది పొడవునా రాత్రిళ్లు మేల్కొని చేసే పనివల్ల మీకు మిగిలేది దాదాపు అంతే. ఆమె శ్రమంతా అప్పిచ్చినవారికి వడ్డీగా వెళ్లిపోతుంది, అసలు 10 లక్షలు అలాగే నిలిచి ఉంటాయి. 'ఏడాదిలో తీరిపోతుంది' అన్న మాటకు ఇందులో ఎక్కడా ఆధారం లేదు. ఇల్లు ఇప్పటికే బ్యాంకు తనఖాలో ఉన్న కుటుంబం ఏటా 24 శాతం వడ్డీకి, ఏ ఆదాయమూ తెచ్చిపెట్టని ఖాళీ స్థలం కోసం అప్పు చేయడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించలేను. తెలిసినవారు కదా, ఒత్తిడి చేయరు అని ఇలాంటి అప్పుల గురించి అందరూ అంటారు. కానీ ఒత్తిడి చేయకపోయినా వడ్డీ ఆగదు.

నేను అన్నింటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది అత్యవసర నిధి గురించి. ఆర్‌ఏ కాని విద్యార్థికి పని పోతే సంపాదన ఒక్కటే పోతుంది, గది ఉంటుంది. ఆర్‌ఏకు పని, గది ఒకటే. పని పోయిన రోజు గది కూడా పోతుంది, భోజన మాఫీ కూడా పోతుంది, అది సెమిస్టర్ మధ్యలో జరిగినా సరే. మార్కుల సగటు నిర్ణీత స్థాయి కంటే తగ్గినా, డ్యూటీ రాత్రి అందుబాటులో లేకపోయినా, హాస్టల్ నియమాల్లో ఏదైనా మీరినా ఒప్పందం రద్దు కావచ్చు. అమ్మాయి తప్పు లేకుండా కూడా జరగవచ్చు: 2020 మార్చిలో కోవిడ్ వల్ల అమెరికా విశ్వవిద్యాలయాలు హాస్టళ్లను ఖాళీ చేయించినప్పుడు ఎందరో విద్యార్థులు రోజుల వ్యవధిలో సామాన్లు సర్దుకోవలసి వచ్చింది. అందుకే అద్దె మిగులుతోంది కనుక చేతిలో తక్కువ డబ్బున్నా సరిపోతుందనుకోవడం తలకిందుల ఆలోచన. బయట ఫ్లాట్‌లో ఉండే విద్యార్థి కంటే ఆర్‌ఏకే అత్యవసర నిధి ఎక్కువ కావాలి.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం ఇంకా నా కళ్ల ముందే ఉంది. వాళ్లబ్బాయి ఆర్‌ఏ అయ్యాడన్న ధైర్యంతో తండ్రి కారు కొని నెల వాయిదాలు మొదలుపెట్టాడు. డిసెంబరు పరీక్షల్లో ఒక సబ్జెక్టు దెబ్బతిని సగటు తగ్గింది. జనవరిలో గది ఖాళీ చేయమని మెయిల్ వచ్చింది. అక్కడ శుక్రవారం మధ్యాహ్నం, ఇక్కడ అర్ధరాత్రి దాటింది. ఆ వేళ తండ్రి ఫోన్‌లో పేర్లు వెతుక్కుంటూ, అమెరికాలో ఉన్న దూరపు బంధువులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి 1,500 డాలర్లు సర్దమని అడిగాడు. అబ్బాయి మూడు వారాలు స్నేహితుడి గదిలో నేల మీద పడుకున్నాడు. సోమవారం ఇక్కడ తల్లి గాజులు నాలుగూ బంగారు రుణానికి వెళ్లాయి. ఆ కుటుంబానికి డబ్బు లేక కాదు, ఉన్నదంతా వాయిదాలకు ముడిపడి ఉంది.

మీ విషయంలో ఇంకొక ఇబ్బంది ఉంది. ఎరువుల వ్యాపారంలో సార్వాకు సరుకు అరువు మీద వెళ్తుంది, డబ్బు పంట అమ్ముడయ్యాక సంక్రాంతి తర్వాత గానీ తిరిగిరాదు. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చి ఆర్‌ఏల కొనసాగింపు తేలేది సరిగ్గా డిసెంబరు, జనవరి నెలల్లోనే. అంటే అమ్మాయికి డబ్బు అవసరమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే మీ చేతిలో డబ్బు తక్కువగా ఉంటుంది. అందుకే ఆ 6 లక్షల ఎఫ్‌డీని ప్లాటు కోసం కదపవద్దని గట్టిగా చెబుతున్నాను.

నిధి ఎంత ఉండాలంటే, సెమిస్టర్ మధ్యలో దొరికిన గదిలో దొరికిన ధరకు ఉండవలసి వస్తుంది కనుక, హాస్టల్ ధరల ప్రకారమే ఒక సెమిస్టర్ గదికీ భోజనానికీ 6,700 డాలర్లు, అత్యవసరంగా ఇంటికి వచ్చి వెళ్లడానికి టికెట్టుకు 1,300, మొత్తం 8,000 డాలర్లు. అది 7 లక్షల 20 వేలు. మీ ఎఫ్‌డీ దాదాపు అక్కడికి చేరుకుంది; తక్కువపడిన లక్షా 20 వేలను ఈ ఏడాది మిగులు నుంచి ముందుగా పూరించండి. ఇందులో 3,000 డాలర్లు అమ్మాయి పేరున అక్కడి బ్యాంకు పొదుపు ఖాతాలో ఉండాలి, ఎందుకంటే ఇక్కడి నుంచి పంపే డబ్బు బ్యాంకు పత్రాలు, సెలవులు దాటి చేరడానికి రోజులు పట్టవచ్చు. మిగిలినది ఇక్కడ ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి, అయితే ఒకే పెద్ద ఎఫ్‌డీగా కాకుండా రెండు మూడుగా విడగొట్టండి. దుకాణానికి సరుకు వచ్చిందనో, పెళ్లి ఖర్చనో దాన్ని తాకకూడదు.

నిధి నిండిన తర్వాత మిగిలే డబ్బుకు ఒకే ఉపయోగం: విద్యా రుణం తక్కువ తీసుకోవడం. తదుపరి సెమిస్టర్‌కు జీవన వ్యయం కింద బ్యాంకు విడుదల చేసే మొత్తాన్ని తగ్గించమని లేఖ ఇవ్వండి. చదువుకునే కాలంలో కూడా తీసుకున్న సొమ్ము మీద వడ్డీ పెరుగుతూనే ఉంటుంది కనుక, తీసుకోని ప్రతి లక్షా మీకు లాభమే. కానీ మంజూరైన పరిమితిని మాత్రం తగ్గించమని అడగకండి; ఆర్‌ఏ పని పోతే మీకు రెండో ఆధారం అదే. మ్యూచువల్ ఫండ్లు, బంగారం వంటివి ఈ రుణం ఉన్నంతకాలం మీకు రెండో వరుసలోనివే.

పన్ను గురించి, స్కాలర్‌షిప్ గురించి అమ్మాయి అడగవలసిన ప్రశ్నలు రెండున్నాయి. ఉద్యోగ షరతుగా, యజమాని అవసరం కోసం హాస్టల్‌లోనే ఉండవలసి వచ్చినప్పుడు ఇచ్చే గదిని అమెరికా చట్టం ఆదాయంగా చూడదు. భత్యం మాత్రం జీతమే. అదే అద్దె మాఫీని విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్‌గా నమోదు చేస్తే, ఎఫ్-1 విద్యార్థి విషయంలో దాని మీద 14 శాతం పన్ను ముందే మినహాయించే వీలుంది. కనుక దేని కింద చూపుతారో అడగాలి. ఆమెకు విశ్వవిద్యాలయం నుంచి ఇప్పటికే ఏదైనా స్కాలర్‌షిప్ ఉంటే, ఆర్‌ఏ మాఫీ వచ్చాక దాన్ని తగ్గిస్తారా అన్నది రెండో ప్రశ్న. కొన్నిచోట్ల తగ్గిస్తారు, అలా అయితే రెండున్నర లక్షల లెక్క కూడా నిలవదు.

బీమా గురించి మీరు అడిగినదానికి జవాబు: మానవద్దు. ఇక్కడి ప్రయాణ బీమా చవకగా కనిపిస్తుంది కానీ చదువుకునే ఏడాదంతా అక్కడ ఉండే మనిషికి అది సరిపోదు, చాలా విశ్వవిద్యాలయాలు దాన్ని అంగీకరించవు కూడా. దానికంటే ముందు మీ టర్మ్ జీవిత బీమా పాలసీ ఎంతకు ఉందో చూసుకోండి; ఇల్లు తనఖాలో ఉండగా, వాడబోయే రుణమంతటికీ సరిపడే బీమా మీ పేరున లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

చివరగా అమ్మాయితో మాట్లాడవలసిన సంగతి ఒకటుంది. ఆర్‌ఏ అంటే మన హాస్టల్ వార్డెన్ కాదు. తోటి విద్యార్థుల మధ్య ఉంటూ, వంతు వచ్చిన రాత్రుల్లో అంతస్తులన్నీ తిరిగి చూసుకుంటూ, తెల్లవారుజామున తాళం పోగొట్టుకున్నవారికి తలుపు తీస్తూ, ఎవరైనా స్పృహ తప్పితే అంబులెన్సును పిలవవలసిన మనిషి. లైంగిక వేధింపుల వంటి సంగతి ఎవరైనా చెబితే, నమ్మి చెప్పినా దాచే వీలుండదు. పై అధికారులకు నివేదించాలి. శిక్షణ కోసం మిగతావారికంటే ముందుగా ఆగస్టులోనే చేరాలి కనుక తిరుగు టికెట్టు తేదీ కూడా మారుతుంది. కంప్యూటర్ సైన్సు విద్యార్థిని కాబట్టి వసంత సెమిస్టర్‌లో వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వస్తే ఒప్పందం మధ్యలో వదలవచ్చా, వదిలితే ఏమైనా కట్టాలా అన్నది తప్పనిసరిగా అడగమనండి. ఇవన్నీ విన్నాక కూడా ఆమెకు ఆసక్తి ఉంటే సంతకం చేయనివ్వండి. నాన్న ప్లాటు కోసం చేస్తున్నానన్న భారం మాత్రం ఆమె మీద పడకూడదు.

బయానా తీసుకున్న వ్యక్తితో ఈ వారంలోనే మాట్లాడండి. 50 వేలు వెనక్కి ఇస్తే వాటిని అమ్మాయి నిధిలో కలపండి. ఇవ్వకపోతే ఆ నష్టాన్ని అంతటితో ఆపేయండి, దాన్ని రాబట్టుకోవడం కోసం 10 లక్షల నోటు రాయకండి.