ప్రోబు కన్నా ముందు నీ చెయ్యి

చిట్టీ,

గుణుపురంలో కడుపు అల్ట్రాసౌండ్ స్కాన్లతో పాటు కాళ్లూ చేతుల నొప్పులు కూడా చూద్దామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమనిపించింది. మన వైపు జనం నొప్పి బిళ్లలు మింగుతూ ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చేస్తారు, ఎమ్మారైకి బరంపురమో విశాఖో పోవాలంటే కూలి పోతుంది, బస్సు ఖర్చు, తోడుకి ఇంకో మనిషి.

ఒంటి మీద ఆనించే ప్రోబుల్లో కడుపుకి వాడే వంపుది దీనికి పనికిరాదు. తిన్నటి అంచున్న లీనియర్ ప్రోబు కావాలి, 10 మెగాహెర్ట్జ్ దాటితే మంచిది. కండని ఎముకకి కట్టే టెండన్ నల్లగా కనబడగానే తెగిందని రాసెయ్యకు. ప్రోబు కాస్త వాల్చి చూడు, తెల్లబడితే అది కిరణం ఏటవాలుగా పడటం వల్ల వచ్చిన నలుపే, తెగుడు కాదు. భుజం నొప్పికైతే చెయ్యి వెనక జేబులో పెట్టుకున్నట్టు పెట్టించు, ఎముక కింద దాక్కున్న టెండన్ ముందుకొస్తుంది. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు వేళ్లకి వెళ్లే మీడియన్ నరం అడ్డకోత వైశాల్యం 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే, మడమ కింద పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే, నరం నొక్కుకుందనో పొర దెబ్బతిందనో అనుమానించాలి. కానీ అంకెల కన్నా ముందు రెండో వైపు కూడా చూడు. ప్రతిసారీ చూడు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చెక్కే ఆయన ఒకడు వచ్చాడు, చిటికెన వేలు జిమ్ జిమ్ అంటోందన్నాడు. రోజంతా చేతిపనే కదా అని మణికట్టు ఒక్కటే చూసి, మీడియన్ నరం బాగుందని నార్మల్ రాసి పంపేశాను. చిటికెన వేలికి వెళ్లేది అల్నార్ నరమని తెలిసీ పైకి వెళ్లలేదు, ఆ రోజు బయట జనం ఎక్కువ ఉన్నారు. కొన్ని నెలలకి మళ్లీ వచ్చాడు, రెండు వేళ్లు కొక్కెంలా వంగిపోయి ఉన్నాయి. మోచెయ్యి పైన వేలు పెట్టగానే నరం తాడులా తగిలింది. ముంజేతి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, అంతకుముందు నేను చొక్కా చెయ్యి పైకి మడిపించనే లేదు. కుష్టు. మందు సర్కారు ఆసుపత్రిలో ఉచితంగానే ఇచ్చారు గానీ ఆ వేళ్లు తిన్నబడలేదు.

అందుకని ముందు చొక్కా చెయ్యి పైకి తీయించు, మచ్చలు చూడు, నరం వెంట వేలితో తడుముకుంటూ పో, ఆ తర్వాతే జెల్లీ. మామూలు ఒత్తిడి అయితే నరం మోచేతి గాడి దగ్గర లావెక్కుతుంది, కుష్టులో అంతకు కొన్ని సెంటీమీటర్లు పైన. డాప్లర్ పెట్టినప్పుడు నరం లోపల రక్తప్రవాహం కనబడితే రియాక్షన్, అంటే కుష్టులో నరం ఒక్కసారిగా వాచే దశ, మొదలైందని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి పంపించు, రేపటికి వాయిదా వెయ్యకు.

స్కాన్‌లో ఏమీ లేదంటే నొప్పి లేదని కాదు. ఎముక లోపల ఉన్నది ఈ స్కాన్‌కి కనబడదు, నడుములో నరం నొక్కుకుని కాల్లోకి లాగే పోటు కూడా కాల్లో వెతికితే దొరకదు. దెబ్బ తగిలిన చెయ్యి మంటెక్కి, రంగు మారి, చెమట పడుతుంటే దాన్ని కంటితోనూ మాటతోనూ పట్టుకోవాలి. రిపోర్టులో నార్మల్ అని ఒక్క మాట రాసి పంపకు, ఏది చూశావో, ఏది చూడలేదో రాయి. ఒడియాలో బింధుచి అన్నా, మనవాళ్లు సలుపు అన్నా, వేలు పెట్టి చూపించమను, అక్కడే మొదలుపెట్టి నరం పోయిన దారంతా చూడు.

ఈ నెలంతా రోజూ నీ రెండు మణికట్లూ, మోచేతులూ నువ్వే స్కాన్ చేసుకో. బొమ్మలు నాకు పంపు, ఎంత రాత్రైనా చూస్తాను.

నీ పెద్ద మావయ్య