అమ్మ తుమ్ము, మీ చప్పట్లు

ఉత్తరం: మాది గుంటూరు. నాకు 27 ఏళ్ళు. నా చిన్నప్పుడే నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అమ్మ 20 ఏళ్ళుగా మిర్చి యార్డు చుట్టుపక్కల కొట్లలో, కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసే పనికీ, తాలుకాయలు (రంగు పోయిన నాసిరకం కాయలు) ఏరే పనికీ వెళ్ళి నన్నూ చెల్లినీ చదివించింది. డిగ్రీలో ఉండగా నాటికల్లోకి వచ్చాను. పరిషత్తు పోటీల నాటికల్లో ఆడపాత్రకి మనుషులు దొరకరు కాబట్టి ఒక్క సీజన్లోనే మూడు నాటక సమాజాలకి వేసేదాన్ని. బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య కళావేదిక మీద నా నాటిక ఉంటే అమ్మ పని మానుకుని వచ్చి చివరి వరుసలో కూచుంది.

తర్వాత హైదరాబాద్‌లో ఒక టీవీ కామెడీ షోలో చేరాను. మొదటి ఏడాదంతా వెనక నిలబడే వేషాలే. అప్పుడు నేనే ఒక పాత్ర అల్లుకున్నాను. మిరపకాయల కొట్లో పనిచేసే ఒకావిడ. మాట మాటకీ తుమ్ముతుంది, తుమ్ముతూనే తిడుతుంది, ముక్కు తుడుచుకోబోయి చేతికున్న కారం కంట్లో పెట్టుకుంటుంది. ఆ పాత్రతో నా దశ తిరిగింది. ఇప్పుడు షాపు ఓపెనింగులకి పిలుస్తున్నారు, సినిమాల్లో చిన్న వేషాలు వస్తున్నాయి.

ఆ పాత్ర అచ్చంగా మా అమ్మే. మొదట్లో చూసి తనూ నవ్వింది. మొన్న సంక్రాంతికి వెళ్తే మాత్రం పలకరించలేదు. కొట్లో అందరూ తనని 'తుమ్ములత్తా' అంటున్నారని చెల్లి చెప్పింది. నరసరావుపేట నుంచి చెల్లిని చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా 'టీవీలో చూపించేది మిమ్మల్నేనటగా' అని నవ్వారట. ఆ సంబంధం ముందుకు సాగలేదు. నెలనెలా డబ్బు పంపుతున్నా అమ్మ పనికి వెళ్ళడం మానలేదు. నాకు తలవంపులుగా ఉంది. ఇప్పుడు మహిళా దినోత్సవం ఎపిసోడ్‌కి అమ్మని స్టేజీ మీదికి తెమ్మంటున్నారు. నేను స్కిట్ చేస్తుంటే వెనక నుంచి అమ్మ వస్తుంది, నేను మా కష్టాలన్నీ చెప్పుకోవాలి. అమ్మ రానంటే రానంటోంది. కష్టపడి పైకొచ్చిన కథ చెప్పుకోవడం తప్పా? అమ్మని ఎలా ఒప్పించాలి?

జవాబు: అమ్మని ఒప్పించే ఉపాయం నా దగ్గర లేదు. ఉన్నా మీకు చెప్పను. ఆవిడ రానన్నారు, ఆ సంగతి అక్కడితో అయిపోయింది. మిగిలిన విషయాలు మాట్లాడుకుందాం, అవి చాలా ఉన్నాయి.

మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం దగ్గర ఆగాను. మొదట్లో అమ్మ కూడా నవ్విందని రాశారు. అంటే ఆవిడకి హాస్యం తెలియక అలగలేదు. అసలు ఆ తిట్లు, ఆ విరుపు, మాట మధ్యలో ఆపి మళ్ళీ అందుకోవడం మీకెక్కడివి? ఏ నటనా శిక్షణలోనూ నేర్పరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కాయల కుప్ప చుట్టూ చేరి కూచున్న ఆడవాళ్ళకి ఆ ఘాటులో పొద్దు గడిచేది మాటల మీదే. వాళ్ళలో ఒకరు నవ్వించేవాళ్ళుంటారు, మిగతావాళ్ళు ఆవిడ పక్కన చోటు కోసం చూసుకుంటారు. మీ ఉత్తరం చదివితే ఆ నవ్వించే మనిషి మీ అమ్మగారేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ కుప్ప దగ్గర ఎవరి మీద ఎంత జోకు వెయ్యాలో ఇన్నాళ్ళూ ఆవిడ చేతిలో ఉండేది. ఇప్పుడు ఆవిడ తుమ్మితే చాలు, వెనక నుంచి ఎవరో టీవీ డైలాగు అందుకుంటున్నారు. మిరప ఘాటుకి తుమ్మకుండా ఉండటం ఎవరి వల్లా కాదు కదా! రోజుకి ఎన్నిసార్లు తుమ్ముతారో అన్నిసార్లూ మీ స్కిట్ ఆవిడ మీద ఆడుతున్నట్టే.

మీరు స్టూడియోలో ఆ తుమ్ము తుమ్మి, మేకప్ తుడుచుకుని ఇంటికి వెళ్తారు. ఆవిడకి తుడుచుకునే వీలు లేదు. తేడా అంతా అక్కడుంది. మీరు అమ్మని అవమానించాలని చేశారని నేననుకోవడం లేదు. ప్రేమ లేనివాళ్ళు ఒక మనిషిని అంత వివరంగా గమనించలేరు. కానీ గమనించిందంతా మన సొంతమైపోదు.

కాస్త గట్టిగానే చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. అమ్మ ఇంకా పనికి వెళ్ళడం తలవంపులుగా ఉందన్నారు. అదే పని, అదే కొంగు, అదే కారం టీవీలో మీకు పేరు తెచ్చినప్పుడు తలవంపులు కాలేదే? అమ్మగారికి ఇది చదువుకోకపోయినా అర్థమవుతుంది. నా బతుకు నా కూతురికి తెర మీద పనికొస్తుంది, ఇంట్లో మాత్రం పనికిరాదు అని. ఆవిడ పనికి వెళ్ళడానికి మీరు పంపే డబ్బు చాలకపోవడమే కారణమని అనుకోకండి. అక్కడ ఆవిడకి 20 ఏళ్ళ స్నేహాలున్నాయి. వారం చివర చేతికొచ్చే కూలి డబ్బుకి ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. భర్త వదిలేసి వెళ్ళిన మనిషికి ఆ స్వతంత్రం ఎంత విలువైందో ఊహించండి. మాన్పించాలనుకుంటే ముందు ఆవిడ పేరనే బ్యాంకులో కొంత డిపాజిట్ వేసి, ఆ కాగితం ఆవిడ చేతికే ఇవ్వండి. తర్వాత మానాలో వద్దో ఆవిడే చూసుకుంటారు.

ఇంతకీ ఆ తుమ్మూ దగ్గూ డాక్టరుకి ఎప్పుడైనా చూపించారా? ఉత్తరంలో ఎక్కడా లేదు. మిరపకాయకి ఆ ఘాటునిచ్చే క్యాప్సైసిన్ ముక్కులోనూ గొంతులోనూ నరాలని రెచ్చగొడుతుంది. దగ్గు మీద పరీక్షలు చేసే డాక్టర్లు మనిషికి దగ్గు తెప్పించడానికి ఆ పదార్థాన్నే వాడతారు. అది నీళ్ళకి కరగదు. అందుకే సాయంత్రం ఎంత కడిగినా చేతుల మంట పోదు, ముందు కొబ్బరినూనె రాసి తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఈ సంగతి ఆవిడకి మనకంటే బాగా తెలిసే ఉంటుంది. కానీ 20 ఏళ్ళ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తుల సంగతి ఎవరికి తెలుసు? గుంటూరు పెద్దాసుపత్రిలో ఛాతీ వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. గొట్టంలోకి ఊది ఊపిరి కొలిచే పరీక్ష చేస్తారు, నొప్పేమీ ఉండదు. మళ్ళీ పనికి వెళ్ళేటప్పుడు కొంగుకి బదులు మంచి మాస్కు కట్టుకోమనండి. మాట్లాడటం లేదు కదా అని ఇది వాయిదా వెయ్యొద్దు. మాటల్లేకపోయినా పక్కపక్కన కూచుని ఆసుపత్రికి వెళ్ళి రావచ్చు.

ఇక మీ ప్రశ్న. కష్టపడి పైకొచ్చిన కథ చెప్పుకోవడం తప్పేమీ కాదు. తమిళ హాస్యనటి మనోరమ గారిని చూడండి. పుట్టింది తమిళనాడులోని మన్నార్‌గుడిలో. తండ్రి దూరమైతే తల్లి ఇళ్ళలో పాచిపని చేసి పెంచింది. బడి మధ్యలోనే ఆగిపోయింది, నాటకాల్లో చేరింది. 1958లో తమిళ కవి కణ్ణదాసన్ తన సినిమాలో హాస్యపాత్ర ఇచ్చాడు. అక్కణ్ణుంచి వెయ్యికి పైగా సినిమాలు చేసి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఆ పేదరికాన్ని ఆవిడ ఎన్నడూ దాచిపెట్టలేదు. కానీ జనం ఆవిడని చూసి నవ్వింది ఆవిడ వేసిన పాత్రలకి, వాళ్ళమ్మ గిన్నెలు తోమిన తీరుకి కాదు.

మన తెలుగు హాస్యనటి శ్రీలక్ష్మి గారి సంగతి మీలాంటి వాళ్ళు ఇంకా బాగా తెలుసుకోవాలి. తండ్రి అమర్‌నాథ్ కథానాయకుడిగా వేసిన నటుడు. ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఇల్లు గడవడం కష్టమైతే ఆవిడ సినిమాల్లోకి వచ్చారు. ఇంట్లో దుఃఖం ఉంది, తెర మీద మాత్రం జంధ్యాల గారి పాత్రలున్నాయి. సినిమా పిచ్చితో టైటిల్స్ దగ్గర్నుంచీ కథ చెప్పి చంపే ఇల్లాలు, కవితలతో పత్రిక సంపాదకుడి ప్రాణం తోడేసే రచయిత్రి. నలభై ఏళ్ళు కావస్తున్నా అవి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎందుకంటే ఆ పిచ్చి మనందరిలోనూ కాస్తో కూస్తో ఉంది. ఫలానా వీధిలో ఫలానా ఆవిడ అని వేలు పెట్టి చూపించే పని ఎవరికీ పడలేదు. ఒక మనిషి అలవాటుని పట్టుకుని వంద మందికి అంటించడమే హాస్యనటి పనితనం. మీరు వంద మందిలో కనిపించే అలవాటుని తీసుకొచ్చి ఒక్క మనిషికి అంటించారు.

కాబట్టి మీ కథలో మీ వాటా ఏదో, అమ్మ వాటా ఏదో విడదీసుకోండి. అర్ధరాత్రి నాటిక అయ్యాక ఊరుగాని ఊళ్ళో బస్సు కోసం నిలబడటం, మూడు సమాజాల డైలాగులు కలగాపులగమై ఒకదాంట్లో ఇంకోటి చెప్పెయ్యడం, ఆడవేషాలు కూడా మగవాళ్ళే వేసేస్తున్న టీవీలో ఒక ఆడపిల్ల ఏడాది పాటు వెనక వరుసలో నిలబడటం, ఇవన్నీ మీవి. ఎంతైనా చెప్పుకోండి. (ఆ డైలాగుల గందరగోళం మీద స్కిట్ చేస్తే నేనైతే తప్పకుండా చూస్తాను.) తొడిమలు తీసిన చేతులు అమ్మవి. నాన్న వెళ్ళిపోవడం కూడా చాలావరకు అమ్మదే.

నా అనుమానం అసలు అక్కడే ఉంది. ఇది ఊహే, అయినా చెబుతాను. అమ్మని స్టేజీ ఎక్కించాక యాంకరు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? 'మరి నాన్నగారు?' అనే. మెల్లగా వయొలిన్ మొదలవుతుంది, కెమెరా ఆవిడ మొహం మీదికి వెళ్తుంది. ఇన్నేళ్ళలో చుట్టుపక్కల వాళ్ళకి ఆవిడ ఏం చెప్పుకుందో మీకు తెలుసా? దూరాన పనికెళ్ళాడనో, ఒంట్లో బాగోలేక వాళ్ళ ఊళ్ళో ఉన్నాడనో ఏదో ఒక మాట చెప్పి నెట్టుకొచ్చి ఉండొచ్చు. రెండో కూతురికి సంబంధాలు చూస్తున్న సమయంలో ఆ మాట రాష్ట్రమంతా చూస్తుండగా విప్పెయ్యమని అడుగుతున్నారు మీరు. రానంటే రానని ఎందుకు అనదు?

గుంటూరు వెళ్ళండి. యార్డుకి సెలవుండే ఆదివారం అయితే మంచిది. ఫోను సంచీలోనే పెట్టండి, వీడియోలు వద్దు. 'ఇదంతా నీ కోసమే చేశానమ్మా' అని మొదలెట్టొద్దు. ఆ మాటతో తల్లుల నోరు మూయించడం మనందరికీ అలవాటే. 'నిన్ను అడక్కుండా నీ వేషం వేశాను, కొట్లో ఏమంటున్నారో చెల్లి చెప్పింది' అనండి, చాలు. తిడితే తిట్టనివ్వండి. ఏడవొద్దు. మీరు ఏడిస్తే ఆవిడ తన కోపం పక్కన పెట్టి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది, అది అన్యాయం. ఏమీ మాట్లాడకపోతే అన్నం తిని రండి, రెండు వారాలకి మళ్ళీ వెళ్ళండి.

ఆ పాత్రని పూర్తిగా చంపెయ్యాలా అంటే, అది అమ్మనే అడగండి. ఆపెయ్యమంటే ఆపెయ్యాల్సిందే, ఎంత నష్టమైనా. ఉండనివ్వమంటే కొన్ని మార్పులు చెయ్యొచ్చు. నేను నాటకాలు రాసేదాన్ని కాదు, చూసేదాన్ని. చూసేవాళ్ళకి తెలిసేదేమిటంటే, మీ స్కిట్‌లో ఆవిడ ప్రతిసారీ ఓడిపోతుంది. తుమ్మి ఓడుతుంది, కంట్లో కారం పడి ఓడుతుంది. కూలిలో కోత పెట్టబోయిన గుమస్తాని ఆవిడ మాటలతో ఉతికి ఆరేసి గెలిచిన ఎపిసోడ్ ఒక్కటైనా ఉందా? ఆ కొంగు కట్టూ నడకా తీసేసి, పనిచోటు మార్చి, గెలిచే మనిషిని చేసి చూడండి. అప్పుడు కొట్లోవాళ్ళు కూడా వేరే రకంగా నవ్వుతారు. అమ్మకి ఎప్పుడైనా కోపం తగ్గి 'అలా కాదే, ఇలా అనాలి' అని ఒక తిట్టు అందిస్తే, దానికి డబ్బు కట్టివ్వండి. మీ షోలో రాసేవాళ్ళకి ఇస్తారుగా.

షో వాళ్ళకి ఇవాళే ఫోను చెయ్యండి. 'మా అమ్మ రారు' అని ఒక్క మాట, కారణాలు చెప్పొద్దు. ఒక కారణం చెబితే దానికో పరిష్కారం చూపిస్తారు, కారు పంపిస్తామంటారు, చీర కొంటామంటారు. ప్రోమో తీశాక చెబితే వాళ్ళకీ ఇబ్బందే. మీకు తెలియకుండా చెల్లికి ఫోన్ చేసి 'సర్‌ప్రైజ్' అని అమ్మని ఎక్కించే ప్రమాదం కూడా ఉంది. చెల్లిని ముందే హెచ్చరించండి. ఎపిసోడ్‌కి ఏదో ఒకటి కావాలంటే, పరిషత్తు రోజుల్లో మీతో కలిసి వేషం వేసిన సీనియర్ నటీమణుల్లో ఎవరైనా ఇష్టపడి వస్తారేమో అడగండి. ఎన్నో ఏళ్ళుగా రంగస్థలాన్ని మోస్తున్నవాళ్ళు గుంటూరు, తెనాలి చుట్టుపక్కలే ఉన్నారు. టీవీలో వాళ్ళ మొహాలు కనపడటం నాకూ సంతోషమే.

చెల్లి సంబంధం మీ వల్లే పోయిందని మీరు నిర్ధారించుకున్నట్టున్నారు. కట్నం దగ్గర తేలలేదో, జాతకాలు కుదరలేదో, అసలు చెల్లికే నచ్చలేదో, ముందు చెల్లిని కనుక్కోండి. వాళ్ళ నుంచి మళ్ళీ కబురొస్తే అమ్మనే మాట్లాడనివ్వండి. మీరు మధ్యలో ఫోన్ చెయ్యొద్దు.