తాళం వేసిన ఇంటిని ఏ గడిలో రాయాలి?

ప్రశ్న: మాది దేవరకద్ర మండలం. మా అమ్మాయి ఎం.ఏ. సోషియాలజీ మొదటి సంవత్సరం చదువుతోంది. పరిశోధన పద్ధతుల పేపరు మొదలైనప్పటి నుంచి పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆ పుస్తకం తెరిచి చూస్తే పాజిటివిజం, ఎపిస్టమాలజీ అంటూ ఒక్క ముక్క అర్థం కాలేదు. బంధువులు బీఈడీ చేయించమంటున్నారు. ఈ చదువుతో బతుకుదెరువు ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: ఆ పుస్తకం మీకు అర్థం కాకపోతే తప్పు మీది కాదు. చాలామంది విద్యార్థులు నిర్వచనాలు బట్టీపట్టి గట్టెక్కుతారు. నేనూ అలా గట్టెక్కినవాణ్ణే. అందరూ తప్పించుకు తిరిగే పేపరు మీ అమ్మాయికి నచ్చిందంటే ఆ ఇష్టాన్ని తేలిగ్గా తీసుకోకండి.

అందులో ఉన్నదేమిటో మీ మండలంలోనే చూపిస్తాను. డోకూరు మీరు ఎరిగిన ఊరే. 1975లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ మెట్ట సేద్యాన్ని దీర్ఘకాలం గమనించడానికి ఎంచుకున్న ఆరు గ్రామాల్లో అదొకటి. ఒక్కో ఊళ్లో 40 కుటుంబాలను ఎంచుకున్నారు: కూలీలు పది, చిన్న, మధ్య, పెద్ద రైతులు పదేసి. పరిశోధకులు ఊళ్లోనే మకాం పెట్టి, కొన్ని వారాలకోసారి ఇంటింటికీ వెళ్లి ఏం పండింది, ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలికి వెళ్లారు అని రాసుకున్నారు. ఆ లెక్కలను ప్రపంచమంతటా ఆర్థికవేత్తలు నేటికీ వాడుకుంటున్నారు.

ఆ అధ్యయనంలో భాగంగానే హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త, నష్టభయం రైతుకు ఎంత ఉంటుందో కొలవాలనుకున్నారు. ముందు ప్రశ్నలడిగి చూశారు. అడిగే మనిషిని బట్టి జవాబులు మారాయి. ఆ తర్వాత నిజమైన డబ్బు పెట్టి, నాణెం ఎగరేసే ఆట ఆడించారు. పందెం పెద్దదయ్యేసరికి ఉన్నవాళ్లూ లేనివాళ్లూ దాదాపు ఒకేలా ఆచితూచి అడుగేశారు. అంటే పేద రైతు కొత్త విత్తనం జోలికి పోకపోతే అది పుట్టుకతో వచ్చిన పిరికితనం కాదు. అతనికి అప్పు ఎక్కడ పుడుతుంది, ఎరువు ఎవరిస్తారు అన్నవి చూడాలి. మాటల్లో అడిగితే ఒకటి, చేతల్లో చూస్తే మరొకటి. మరి మనకు తెలిసిందని దేన్ని నమ్మాలి? మిమ్మల్ని భయపెట్టిన ఎపిస్టమాలజీ అడిగే ప్రశ్న ఇదే.

ఇంకొకటి చెబుతాను. వేసవిలో పాలమూరు పల్లెలో సర్వేకు వెళితే ఇళ్లకు తాళాలుంటాయి. మనుషులు ముంబైలోనో పుణెలోనో పనుల మీద ఉంటారు. పక్కింటివాళ్లను అడిగి ఫారం నింపితే పని పూర్తవుతుంది కానీ, వలస మాత్రం లెక్కలోంచి జారిపోతుంది. పట్టా లేని కౌలుదారును రైతు గడిలో రాయాలా, కూలీ గడిలోనా? గడులు గీసిన మనిషి సగం జవాబు ముందే రాసేశాడు. లెక్కల మీద తగవు పాతదే. 1897లో ఫ్రాన్స్‌లో దుర్ఖైం అనే సమాజ శాస్త్రవేత్త ఆత్మహత్యల గణాంకాలను పక్కపక్కన పెట్టి సమాజం నడిచే తీరును పట్టుకోవాలని చూశాడు. జర్మనీలో వెబర్ అనే మరో సమాజ శాస్త్రవేత్త, మనిషి తన పనికి ఏ అర్థం ఇచ్చుకుంటున్నాడో తెలియకుండా లెక్క ఒక్కటే చాలదన్నాడు. మీ అమ్మాయి పుస్తకంలో పాజిటివిజం, అంటే సమాజాన్నీ సైన్సులా కొలిచి తెలుసుకోవచ్చనే వాదం, ఒక పేజీలో, దాన్ని కాదనేవాళ్లు మరో పేజీలో కనిపించేది ఈ తగవు వల్లనే. నాకైతే ఇద్దరూ కావాలి. తాళాలెన్నో లెక్కపెట్టాలి, తాళం వేసిన మనిషితోనూ మాట్లాడాలి.

ఇక బతుకుదెరువు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు. దాన్నే నమ్ముకుని పీహెచ్‌డీలో చేరవద్దు. సర్వే సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, బేగంపేటలోని సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం), రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థ వంటి చోట్ల నడిచే ప్రాజెక్టుల్లో పని దొరుకుతుంది కానీ అందులో ఎక్కువ భాగం కాంట్రాక్టుదే. అక్కడ నిలదొక్కుకోవాలంటే ప్రశ్నావళి తయారుచేయడం, పల్లెలో కూర్చుని మాట రాబట్టడం, ఆ తర్వాత కంప్యూటర్‌లో లెక్క తేల్చడం – మూడూ రావాలి. మొదటి రెండే వచ్చిన అభ్యర్థులు నాకు తరచూ కనిపిస్తారు. ఎక్సెల్‌తో మొదలుపెట్టి, గణాంకాలు తేల్చే ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి. అది ఉచితమే.

పీహెచ్‌డీ అంటే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మహిళలకు మరో రెండేళ్ల వెసులుబాటు ఉంది. జేఆర్‌ఎఫ్ (నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో పైస్థాయిలో నిలిచినవాళ్లకు ఇచ్చే పరిశోధన భృతి) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, మీ చేతి నుంచి పెట్టక్కర్లేదు. అది రాకపోతే ఇంకోసారి ఆలోచించాలి. నెట్ రాయడానికి ఎం.ఏ.లో 55 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 చాలు. బీఈడీని నేను కొట్టిపారేయను. ఎం.ఏ. అయ్యాక రెండుసార్లు నెట్ రాసి చూసిన తర్వాత కూడా అందులో చేరవచ్చు, అప్పటికేమీ మించిపోదు.

అంతకన్నా ముందు ఒక పని చేయించండి. వలస వెళ్లినవాళ్లు పండక్కి ఊరికి వచ్చినప్పుడు, మీ ఊళ్లోనే ఇరవై ఇళ్లు ఎంచుకుని అప్పుల మీద చిన్న అధ్యయనం చేయమనండి. చీటీలు వేసి ఇళ్లను ఎంచుకోవాలి, తెలిసిన ఇళ్లకే పోకూడదు. ఆ ఎండలో తిరిగి వచ్చాక కూడా పీహెచ్‌డీ అంటే అప్పుడు మాట్లాడదాం. చీటీల్లో మీ ఇల్లే వచ్చిందనుకోండి, అసలు అప్పెంతో కూతురికి చెబుతారా లేదా అన్నది మీరు ముందే తేల్చుకోండి.