క్యాసినోలో క్యాషియర్ ఉద్యోగం: అబ్బాయిని పంపవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. బీకాం చదివి విజయవాడలో ఓ సూపర్ మార్కెట్‌లో క్యాషియర్‌గా చేస్తున్నాడు. గోవాలో ఓ క్యాసినో వాళ్లు క్యాషియర్‌గా తీసుకుంటామన్నారట, వెళ్తానని పట్టుబడుతున్నాడు. ఇంతలో ఓ కన్సల్టెన్సీ వాళ్లు ‘గోవా ఎందుకు, కంబోడియా క్యాసినోలో అయితే రెండింతల జీతం, లక్షన్నర కట్టండి’ అంటున్నారు. వాళ్లమ్మ మాత్రం పేకాట క్లబ్బులో పనేంటి అని ఏడుస్తోంది. ఏం చేయమంటారు?
– ఓ తండ్రి, తెనాలి

జవాబు: ముందు కంబోడియా సంగతి తేల్చేద్దాం. వద్దు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మనవాళ్లను అక్కడికి పంపిన ఏజెంట్ల గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. తీరా వెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని, బయటికి కదలనివ్వకుండా, మన దేశం వాళ్లనే ఫోన్లలో మోసం చేసే పని అప్పజెప్పారు. ఈసారి ఉద్యోగం పేరు క్యాసినో క్యాషియర్ అయింది, అంతే తేడా. విదేశాల్లో ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ వివరాలు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. అతను తీసుకోదగిన గరిష్ఠ సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర అడిగాడంటే ఇంకేమీ ఆరా తీయక్కర్లేదు. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని కూడా అంటే ఆ నంబరు బ్లాక్ చేసేయండి.

గోవా విషయం వేరు. అక్కడ 1976 నాటి జూద చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్‌స్టార్ హోటళ్లలో స్లాట్ మిషన్లకు, 1996 సవరణతో నీటి మీది ఓడల్లో టేబుల్ ఆటలకు అనుమతి ఇచ్చారు. పణజిలో మాండవి నది మీద కనిపించే ఓడలు లైసెన్సుతో నడుస్తున్నవే. మన రెండు రాష్ట్రాల్లో 1974 గేమింగ్ చట్టాల కింద పేకాట స్థావరాల మీద దాడులు జరుగుతుంటాయి కాబట్టి మీ ఇంట్లో భయం సహజమే. లైసెన్సున్న క్యాసినోలో జీతానికి పనిచేయడం మాత్రం నేరం కాదని వాళ్లమ్మకు ధైర్యంగా చెప్పండి.

ఇక పని ఎలా ఉంటుందో మీరు కాస్త వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే అబ్బాయి సూపర్ మార్కెట్ అనుభవం సగం వరకే పనికొస్తుంది. క్యాషియర్ కూర్చునే చోటును కేజ్ అంటారు. వచ్చినవాళ్లు నగదో కార్డో ఇస్తే చిప్స్ (ఆటలో డబ్బుకు బదులు వాడే బిళ్లలు) ఇవ్వాలి, వెళ్లేటప్పుడు చిప్స్ తీసుకుని డబ్బివ్వాలి. నోట్లను పైన కెమెరాకు కనిపించేలా కౌంటర్ మీద పరిచి లెక్కపెట్టాలి. చిప్స్‌ను దొంతులుగా పేర్చి, పక్కకు విడదీసి చూపించాలి. చేతులు కౌంటర్ దాటించే ముందు రెండు అరచేతులూ తిప్పి ఖాళీ అని చూపించాలి. ఇదంతా ప్రతిసారీ, రాత్రి మూడింటికి కూడా. ఎంట్రీ ప్యాకేజీతో వచ్చే వన్ టైమ్ ప్లే చిప్స్‌కు, అంటే ఒక్కసారి ఆడటానికే పనికొచ్చేవాటికి, నగదు ఇవ్వకూడదు. అప్పటికే నాలుగు పెగ్గులు వేసుకున్న మనిషి ‘ఎందుకివ్వవు’ అని నిలదీస్తే నవ్వుతూ నచ్చజెప్పాలి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు బాగానే ఉంటారు, తెలుగు మాట్లాడే క్యాషియర్‌కు అక్కడ విలువ ఉంటుంది.

కాగితాల పనీ తక్కువేం కాదు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం క్యాసినోలకూ వర్తిస్తుంది. 10 లక్షలు దాటిన నగదు లావాదేవీల వివరాలు, అనుమానం కలిగించే లావాదేవీల వివరాలు కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి పంపాలి, కస్టమర్ గుర్తింపు పత్రాలు సరిచూడాలి. మీ అబ్బాయి మనసు పెట్టి నేర్చుకోవాల్సింది ఇదే. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద బ్యాంకుల బ్యాక్ ఆఫీసుల్లో కేవైసీ, మనీ లాండరింగ్ తనిఖీ ఉద్యోగాలు చాలా ఉన్నాయి. కేజ్‌లో రెండేళ్లు ఒక్క మచ్చ లేకుండా చేసిన బీకాం కుర్రాడు వాటికి దరఖాస్తు చేసుకుంటే చెప్పుకోవడానికి గట్టి అనుభవం ఉంటుంది. అక్కడే ఉండిపోతే సూపర్‌వైజర్, కేజ్ మేనేజర్ వరకు దారి ఉంది. అయితే ఈ వ్యాపారం మొత్తం ప్రభుత్వాల చేతిలో ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోలపై జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. మాండవి నుంచి ఓడలను తరలించాలన్న వాదన ఏళ్లుగా నడుస్తోంది. కాబట్టి జీవితమంతా దీని మీదే ఆధారపడమని నేను చెప్పను.

ఇప్పుడు మీరు నన్ను అడగని ప్రశ్న. మీ అబ్బాయి ఫోన్లో రమ్మీ ఆడేవాడా? ఐపీఎల్ బెట్టింగ్ యాప్‌లో ఎప్పుడైనా డబ్బు పెట్టాడా? అవును అంటే మాత్రం గోవా కూడా వద్దు. ఎందుకంటే రోజూ ఎవరో ఒకరు పదివేలతో వచ్చి లక్షలు పట్టుకెళ్లడం కేజ్ కిటికీ దగ్గరే కళ్లారా చూస్తాడు. పోగొట్టుకున్నవాళ్లు ఆ కిటికీ దగ్గరకు తిరిగి రారు, మాట్లాడకుండా బోటెక్కి వెళ్లిపోతారు. అలవాటున్న మనిషికి ఆ ఏకపక్ష దృశ్యం చాలా ప్రమాదం. కోప్పడకుండా, పోలీసు విచారణలా కాకుండా, ఒక సాయంత్రం కూర్చోబెట్టి అడగండి. నిజం చెబితే దండించకండి.

అలాంటి అలవాటు లేదంటే నేను పంపమనే అంటాను. రాత్రి షిఫ్టులు తప్పవు, సంక్రాంతికి ఇంటికి రావడం కష్టం, పండగ సెలవులే అక్కడ రద్దీ రోజులు. ఇవి ముందే మాట్లాడుకోండి. బ్యాంకు పరీక్షల ఆశ ఉంటే ఐబీపీఎస్ క్లర్క్‌కు జనరల్ కేటగిరీలో గరిష్ఠ వయసు 28 అని గుర్తుంచుకోమనండి. పుస్తకాలు సర్దుకునే వెళ్లాలి.

ఆఫర్ లెటర్ వచ్చాక చేతికొచ్చే జీతం ఎంత, పీఎఫ్ ఉందా, వసతి ఎవరిది, టిప్స్‌లో కేజ్ వాళ్లకు వాటా ఉందా అని అడిగించండి. అన్నిటికన్నా ముఖ్యం, షిఫ్టు చివర లెక్క తేడా వస్తే ఏం చేస్తారో తెలుసుకోండి. ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలితే, అదీ అతనికి వివరణ చెప్పుకునే అవకాశం ఇచ్చాకే, జీతంలో కోత పెట్టవచ్చని చట్టం. ‘తేడా వస్తే నీదే’ అని నోటిమాటగా చెప్పే చోట చేరనివ్వకండి. ఈ జవాబులన్నీ కంపెనీ మెయిల్ నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా సూపర్ మార్కెట్‌లో రాజీనామా ఇవ్వొద్దని అబ్బాయికి చెప్పండి.